వేడి విడుదల చేసే చర్యలన్నీ వేగంగా జరుగుతాయా?

ఇంటర్ సెకండియర్ చదువుతున్న మీ అమ్మాయి నోట్సులో "ఉష్ణమోచక చర్యలు వేగంగా, ఉష్ణగ్రాహక చర్యలు నెమ్మదిగా జరుగుతాయి" అని రాసుందనీ, అది నిజమేనా అనీ అడిగారు. ఉష్ణమోచక చర్యంటే వేడిని విడుదల చేసేది, ఉష్ణగ్రాహక చర్యంటే వేడిని లాక్కునేది. ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా చర్య వేగాన్ని పెంచే పదార్థం) వేస్తే వేడి ఎక్కువ పుడుతుందా అన్నది మీ రెండో ప్రశ్న. రెండింటికీ జవాబు కాదనే. ఆ ఒక్క ముక్క పరీక్షకు సరిపోతుందేమో గానీ విషయం సగమే తెలుస్తుంది. నేను హైదరాబాద్ శివార్లలోని బల్క్ డ్రగ్ యూనిట్లలో చాలా ఏళ్ళు ప్రొడక్షన్ కెమిస్టుగా షిఫ్టులు చేశాను. ఫస్టియర్‌లో ఉష్ణగతిక శాస్త్రం (వేడి లెక్క), సెకండియర్‌లో రసాయన గతికశాస్త్రం (వేగం లెక్క) అని పుస్తకం విడదీసి చెప్పే రెండు చాప్టర్లూ మాకు ఒకే రియాక్టర్లో ఒకేసారి ఎదురవుతాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నోట్సులోని ఆ వాక్యాన్ని మీ వంటింట్లోనే పరీక్షించవచ్చు. స్టీలు గ్లాసులో సగం దాకా నీళ్ళు పోసి, కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు కరిగించి, కాసేపు పక్కన పెట్టండి. తర్వాత చెంచాడు వంటసోడా వేయండి. బుస్సున పొంగుతుంది. ఆ పొంగు తగ్గేలోపే గ్లాసు పట్టుకుని చూడండి, ముందుకన్నా చల్లగా తగులుతుంది. అంటే ఈ చర్య వేడిని లాక్కుంటోంది, అయినా క్షణాల్లో అయిపోయింది. ఇప్పుడు బయటికెళ్ళి ఇనుప గేటు చూడండి. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఒక మోల్ ఫెర్రిక్ ఆక్సైడ్ అయ్యేసరికి 824 కిలోజౌల్స్ విడుదలవుతాయి. చిన్న వేడేమీ కాదు. కానీ గేటు తుప్పు పట్టడానికి ఏళ్ళు పడుతుంది, పుట్టే వేడి పుట్టినట్టే గాలిలో కలిసిపోతుంది, మనకు తెలియనైనా తెలియదు. బొగ్గు సంగతీ అంతే. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా మండితే 393.5 కిలోజౌల్స్ వస్తాయి. అయినా బొగ్గు బస్తా గోడౌన్‌లో ఆక్సిజన్ మధ్యే ఏళ్ళ తరబడి పడి ఉంటుంది.

కారణం సూటిగా చెప్పాలంటే ఇది. డెల్టా హెచ్ అనేది క్రియాజనకాల శక్తికీ క్రియాజన్యాల శక్తికీ మధ్య తేడా మాత్రమే. మొదలు ఎక్కడ, ముగింపు ఎక్కడ అన్నదే దానికి కావాలి. మధ్యలో పాత బంధాలు సాగి, తెగి, కొత్తవి ఏర్పడే దశ ఒకటి ఉంటుంది. ఆ దశకు చేరడానికి అణువులకు కావలసిన అదనపు శక్తే ఉత్తేజన శక్తి. వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఇదే, దీని విలువ డెల్టా హెచ్ చూసి చెప్పలేం. 1889లో అరీనియస్ ఇచ్చిన సమీకరణంలో ఉష్ణోగ్రత, ఉత్తేజన శక్తి ఉన్నాయి గానీ డెల్టా హెచ్ ఎక్కడా లేదు. మీ అమ్మాయిని ఆ సమీకరణం ఒకసారి రాసి చూసుకోమనండి, నోట్సులోని వాక్యాన్ని తనే కొట్టేస్తుంది.

అదే సమీకరణంతో ఇంకో పని కూడా చేయించండి. "పది డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపు" అని పిల్లలు సూత్రంలా బట్టీ పడతారు. ఉత్తేజన శక్తి మోల్‌కు 50 కిలోజౌల్స్ అయితే 25 నుంచి 35 డిగ్రీలకు వెళ్ళినప్పుడు వేగం 1.9 రెట్లవుతుంది, కాబట్టి సూత్రం నిజమే అనిపిస్తుంది. 100 కిలోజౌల్స్ అయితే అదే పది డిగ్రీలకు 3.7 రెట్లు. ఉత్తేజన శక్తి ఎక్కువున్న చర్య మామూలుగా నెమ్మదిగా ఉంటుంది, కానీ వేడి తగిలితే దాని వేగమే ఎక్కువ రెట్లు పెరుగుతుంది. ప్లాంటులో మేం భయపడేది ఇలాంటి వాటికే.

ఇక మా ప్లాంటు సంగతి. మందుల తయారీలో గ్రిగ్నార్డ్ చర్య చాలా మామూలు. మెగ్నీషియంతో హాలైడ్‌ను, అంటే క్లోరిన్, బ్రోమిన్ లాంటివి ఉన్న కర్బన పదార్థాన్ని, కలిపే చర్య ఇది. రియాక్టర్లో నైట్రోజన్ పెట్టి, మెగ్నీషియం టర్నింగ్స్, తేమ లేని టి.హెచ్.ఎఫ్. సాల్వెంటు వేసి, కొద్దిగా అయోడిన్ కలుపుతాం. తర్వాత హాలైడ్‌ను మొత్తం పరిమాణంలో ఐదారు శాతం మాత్రమే వదిలి వాల్వు మూసేస్తాం. ఇది బాగా వేడి పుట్టించే చర్య, కానీ మొదట్లో ఉలుకూ పలుకూ ఉండదు. మెగ్నీషియం మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది, ఏ మూలనో తేమ కూడా ఉండొచ్చు. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు అలా చూస్తూ నిలబడాల్సిందే. సైట్ గ్లాసులోంచి టార్చి వేసి చూస్తే అయోడిన్ గోధుమరంగు నెమ్మదిగా విరిగిపోయి, ద్రావణం బూడిదరంగులోకి మసకబారుతుంది. జాకెట్‌లోకి (రియాక్టర్ చుట్టూ నీళ్ళు తిరిగే తొడుగు) వేడినీళ్ళేమీ వెళ్ళకుండానే ఇండికేటర్ మీద ఉష్ణోగ్రత తనంతట తాను ఎక్కడం మొదలవుతుంది. దాన్నే "ఎగ్జోథర్మ్ వచ్చింది" అంటాం. అది వచ్చాకే మిగతా హాలైడ్ చుక్క చుక్కగా మొదలుపెట్టాలి.

నేను పనిచేసిన ఒక చోట, పక్క బ్లాకులో ఒక రాత్రి ఇదే తేడా కొట్టింది. చర్య మొదలవడం లేదని ముందు షిఫ్టువాళ్ళు జాకెట్‌లో వేడినీళ్ళు పెట్టారు. ఉష్ణోగ్రత పెరిగింది. పెరిగింది కదా అని బ్యాచ్ షీట్‌లో ఇనిషియేషన్ ఓకే, అంటే చర్య మొదలైంది, అని రాసి డ్యూటీ దిగిపోయారు. నిజానికి ఆ వేడి జాకెట్‌ది, చర్యది కాదు. తర్వాతి షిఫ్టువాళ్ళు కాగితాన్ని నమ్మి హాలైడ్ వదులుతూ పోయారు. లోపల అది చర్యలో పాల్గొనకుండా ఊరికే పోగవుతోంది. మూడో వంతు దాకా వెళ్ళాక చర్య మొదలైంది, అదీ పోగైన సరుకంతా ఒక్కసారే. టి.హెచ్.ఎఫ్. 66 డిగ్రీలకే మరుగుతుంది. కొన్ని నిమిషాల్లోనే ఆవిరిని చల్లబరిచే కండెన్సర్ చేతులెత్తేసింది, ఒత్తిడి ఎక్కువైతే పగిలేలా పెట్టిన రప్చర్ డిస్క్ పగిలి సాల్వెంటు ఆవిరి పైపు ద్వారా బయటికి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, చుట్టుపక్కల నిప్పు లేకపోవడం వాళ్ళ అదృష్టం.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ రాత్రి డెల్టా హెచ్ ఏమీ మారలేదు. రోజూ పుట్టే వేడే ఆ రోజూ పుట్టింది. రోజూ గంటలకొద్దీ పంచి పుట్టాల్సింది నిమిషాల్లో పుట్టింది, అంతే తేడా. ఎంత వేడి అన్నది ఒక ప్రశ్న, ఎంతసేపట్లో అన్నది ఇంకో ప్రశ్న. మీ అమ్మాయి నోట్సు ఈ రెండింటినీ కలిపేసింది.

కొత్తగా చేరిన కెమిస్టులు ఇంకొకటి చేస్తుంటారు. వేడి వస్తుందని భయపడి బ్రైన్ (బాగా చల్లబరిచిన ఉప్పునీళ్ళు) పెట్టి రియాక్టర్‌ను మరీ చల్లబరుస్తారు. చూడ్డానికి జాగ్రత్తగానే కనిపిస్తుంది. కానీ చల్లబడితే చర్య నెమ్మదిస్తుంది, మనం వదిలే హాలైడ్ మాత్రం అదే వేగంతో వెళుతూ ఉంటుంది, కాబట్టి లోపల మళ్ళీ పోగవుతుంది. వేసింది వేసినట్టే ఖర్చయిపోయే ఉష్ణోగ్రతలో ఉంచి, వదిలే వేగంతో వేడిని అదుపు చేయడమే సురక్షితం. నన్నడిగితే గతికశాస్త్రం చాప్టర్‌లో మొదటి లెక్కగా దీన్నే పెట్టాలి.

ల్యాబులో ఒక లీటరు ఫ్లాస్కులో బుద్ధిగా ఉన్న చర్య ప్లాంటులో ఎందుకు మొండికేస్తుందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. లీటరు నుంచి వెయ్యి లీటర్లకు వెళితే పాత్ర కొలతలు పది రెట్లు పెరుగుతాయి. గోడ వైశాల్యం వంద రెట్లు, ఘనపరిమాణం వెయ్యి రెట్లు. వేడి పుట్టేది ఘనపరిమాణమంతటా, బయటికి పోయేది గోడ గుండా. అంటే లీటరుకు దొరికే చల్లదనం పదో వంతుకు పడిపోయింది. పైగా జాకెట్ లాగే వేడి, లోపలికీ బయటికీ ఉన్న డిగ్రీల తేడాకు తగ్గట్టు నిదానంగా పెరుగుతుంది. పుట్టే వేడి మాత్రం అరీనియస్ చెప్పిన లెక్కన, అంటే చక్రవడ్డీలా పెరుగుతుంది. ఒక ఉష్ణోగ్రత దాటాక ఏ జాకెట్టూ దాన్ని అందుకోలేదు.

మన తెలుగు రాష్ట్రాల్లోనే దీనికి ఉదాహరణ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. స్టైరీన్ అణువులు మామూలు ఉష్ణోగ్రత దగ్గర కూడా తమలో తాము కలిసి పాలిమర్ అవుతూ ఉంటాయి, కాకపోతే చాలా నెమ్మదిగా. ప్రతి మోల్‌కూ సుమారు 70 కిలోజౌల్స్ వేడి వస్తుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచుతారు, పాలిమర్ కాకుండా టి.బి.సి. అనే నిరోధకం కలుపుతారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉన్నప్పుడు పెద్ద ట్యాంకులో నిల్వ ఉన్న సరుకులో ఈ నెమ్మది చర్యే సాగింది. పుట్టిన వేడి బయటికి పోలేదు, ఉష్ణోగ్రత పెరిగింది, పెరిగిన ఉష్ణోగ్రత చర్యను ఇంకా తొందరపెట్టింది. మే నెల ఎండలు సరేసరి. నెమ్మదిగా జరిగే చర్య కదా, ప్రమాదం లేదులే అనుకోవడానికి లేదు. వేడి పోయే దారి ఉన్నంతవరకే అది నెమ్మది.

పరీక్ష కోసం ఒక మాట. ఉష్ణమోచక చర్యకు ఉష్ణోగ్రత పెంచితే వేగం తగ్గుతుందని చాలామంది పిల్లలు రాస్తారు. లీ చాట్లియర్ నియమాన్ని తీసుకొచ్చి ఇక్కడ అతికిస్తారు. ఆ నియమం చెప్పేది సమతాస్థితి (ముందుకూ వెనక్కూ చర్య ఒకే వేగంతో సాగే స్థితి) ఎటు జరుగుతుందన్నది, వేగం గురించి కాదు. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి రెండు మోల్స్ అమోనియా అయితే 92 కిలోజౌల్స్ విడుదలవుతాయి. కాబట్టి అమోనియా తిరిగి విడిపోవడానికి కావలసిన ఉత్తేజన శక్తి, ఏర్పడ్డానికి కావలసినదాని కన్నా సరిగ్గా ఆ 92 ఎక్కువ. వేడి పెంచితే రెండు దిశల్లోనూ వేగం పెరుగుతుంది, ఉత్తేజన శక్తి ఎక్కువున్న వెనుక దిశలో ఎక్కువ రెట్లు పెరుగుతుంది. దిగుబడి తగ్గేది అందుకు. డెల్టా హెచ్‌కూ వేగానికీ చుట్టరికం ఉన్నది ఇక్కడే, అదీ రెండు దిశల మధ్య తేడాగా మాత్రమే. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలోనైనా అమోనియాను ఇనుము ఉత్ప్రేరకం మీద 400 డిగ్రీలు దాటిన వేడిలోనే చేస్తారు. చల్లగా ఉంచితే దిగుబడి ఎక్కువే, కానీ అది వచ్చేదాకా ఎవరు కూర్చుంటారు?

ఇక ఉత్ప్రేరకం. అది దారి మార్చి ఉత్తేజన శక్తిని తగ్గిస్తుంది. మొదలూ ముగింపూ అవే కాబట్టి మొత్తం వేడి రవ్వంత కూడా మారదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక మోల్ నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడిపోతే 98 కిలోజౌల్స్ వస్తాయి, నెలలు పట్టినా క్షణాల్లో అయినా అంతే. పుండు మీద పోసినప్పుడు నురగ వస్తుంది కదా, మన కణాల్లోని కేటలేజ్ చేసే పనే అది. మందుల షాపులో దొరికేది పలచన కాబట్టి వేడి పెద్దగా తెలియదు. మేం వాడే 30 శాతం పెరాక్సైడ్ కిలోలో సుమారు 860 కిలోజౌల్స్ దాగి ఉంటాయి. కిలో నీళ్ళను 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 293 చాలు. కొంచెం తుప్పు పడితే చాలు, అది ఉత్ప్రేరకంలా పనిచేస్తుంది. అందుకే పెరాక్సైడ్ క్యాన్ల మూతకు గ్యాస్ పోయే చిన్న రంధ్రం ఉంటుంది, ఒకసారి బయటికి తీసింది మిగిలినా తిరిగి అదే క్యాన్‌లో పోయనివ్వం. కాబట్టి "ఉత్ప్రేరకం వేస్తే ఎక్కువ వేడి" అని రాస్తే తప్పు. "అదే వేడి తక్కువ సమయంలో, అందువల్ల ఉష్ణోగ్రత ఎక్కువ పెరగవచ్చు" అని రాస్తే మార్కులు వస్తాయి. ఉత్ప్రేరకం ఉన్నప్పుడూ లేనప్పుడూ శక్తి ఎలా మారుతుందో చూపే గ్రాఫులో కూడా రెండు వంపులూ ఒకే ఎత్తులో మొదలై ఒకే ఎత్తులో ఆగాలి, మధ్యలోని శిఖరం మాత్రమే తగ్గాలి. చాలామంది చివరి గీతను కూడా కిందికి దించేస్తారు, అది ఒకసారి చూసుకోమనండి.