సచ్ఛిద్రమా, గుల్లా?

సందేహం: కార్బన్ డయాక్సైడును పట్టే కొత్త పదార్థాల గురించి మావాడు కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తూ ‘ఎంజైమును అనుకరించే సచ్ఛిద్ర పదార్థం’ అన్నాడు. వాళ్ల సారు ‘సరంధ్ర’ అని దిద్దినారు. ఏది సాధువు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: సన్నసన్న చిల్లులున్నదనే రెండిటి అర్థమూ, రెండూ సాధువులే. కాకపోతే సచ్ఛిద్రాన్ని ఎవరైనా సత్+ఛిద్రంగా విడగొడితే ‘మంచి చిల్లు’ అయి కూర్చుంటుంది. పైగా ఛిద్రమన్నా రంధ్రమన్నా మనకు ముందు తట్టేది లోపమే. రంధ్రాన్వేషణ అన్న మాట ఊరికే పుట్టలేదు. అమరకోశం రాసిన అమరసింహుడు ఈ వరసలోనే ‘సుషిరం వివరం బిలం’ అన్నాడు. వివరమంటే చిల్లని మరిచి, ‘పూర్తి వివరాలకు’ అంటూ కరపత్రాలు పంచుతున్నాం!

ఇంట్లో ‘గుల్ల’ ఉండగా ఈ అరువు దేనికి? చెదలు తిన్న దూలం గుల్ల, అప్పులపాలైన ఇల్లు గుల్ల, నిజమే. కానీ దుక్కి దున్నితే నేల గుల్లబారాలంటాడు రైతు. మురుకులు గుల్లగా రాకపోతే మా ఇంట్లో ఆ పూటంతా పిండిని తిట్టడమే. లోపల సన్నసన్న ఖాళీలుండి కూడా నిలబడేదాన్ని చెప్పడానికి ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

ఇంకో చమత్కారం. గుల్లంటే నత్తగుల్ల, ఆల్చిప్ప కూడా. వాటిని కాలిస్తే గుల్లసున్నం. మా చిన్నప్పుడు తొట్టిలో సున్నం తడిపి వదిలేస్తే తెల్లారేసరికి తేటమీద పాలమీగడలా పొర కట్టేది, వేలు పెడితే పెళుసుగా విరిగేది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, సున్నం పట్టుకున్న గుర్తది. మీవాడు చెప్పే ఎంజైము కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అయివుంటుంది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు మూడింటి నడుమ ఒక జింకు పరమాణువు. ఆ వాయువును నీటితో కలిపి బైకార్బనేటుగా మార్చేస్తుంది. మన నెత్తుటిలోనూ ఉంది, గుల్లపురుగు తన గుల్ల కట్టుకోవడానికీ వాడుతుంది. ఆ జింకు అమరికనే లోహ కర్బన చట్రాల్లో, అంటే లోహాన్నీ కర్బన అణువులనూ జోడించి లోపలంతా ఖాళీలుండేలా అల్లిన పదార్థాల్లో, పొదుగుతున్నారు. 2025లో కిటగావా, రాబ్సన్, యాగీలకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది ఈ చట్రాలకే. గ్రాము పొడిలోని లోగోడలన్నీ పరిస్తే వేల చదరపు మీటర్లు! గుల్ల కాక మరేమిటి?

అయితే ‘గుల్ల పదార్థం’ అంటే నాసిరకమని నవ్వేవాళ్లుంటారు. పరీక్షలో ‘సరంధ్ర’ రాయనీండి, మార్కులు పోగొట్టుకోవద్దు. పత్రికలో మాత్రం ఒకసారి ‘గుల్లబారిన పదార్థం’ అని రాసి చూడమనండి.

ఎంజైముకు ‘కిణ్వం’ ఉంది గానీ, కిణ్వనమంటే పులియడమని పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. ఎంజైమే ఉంచండి. ‘అనుకరించే’ బాగుంది. వ్యాసంలో ఎక్కడైనా ‘క్యాప్చర్ చేయడం’ ఉంటే మాత్రం ‘పట్టడం’ అని దిద్దుకోమనండి. మీ ఉత్తరంలో మీరే ఆ మాట చక్కగా వాడినారు.