ఉద్యోగం మీద విదేశానికి వెళ్తున్నాను. భార్యకు డిపెండెంట్ వీసా నాతోపాటే పెట్టాలా, తర్వాత పెట్టొచ్చా?

చాలా దేశాల్లో రెండూ కుదురుతాయి. కలిసి పెడితే పని ఒకేసారి అయిపోతుంది. ఇల్లు చూసుకున్నాక పిలిపించుకుంటానన్నా తప్పులేదు, కాకపోతే అప్పుడు మీ పే స్లిప్పులు, అద్దె ఒప్పందం కూడా అడగొచ్చు.

ఎక్కువమంది ఇరుక్కునేది మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గర. పెళ్లి ఫొటోలు, శుభలేఖ దానికి బదులు కావు, రిజిస్టర్ అయినదే కావాలి. కొన్ని దేశాలు దానిమీద అపొస్టిల్ ముద్ర (విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ ఇచ్చే ధ్రువీకరణ) కూడా అడుగుతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, సర్టిఫికెట్‌లో ఒక్క పొడి అక్షరమే ఉందనుకోండి, ముందే సరిచేయించుకోండి.

నన్నడిగితే, ముందు తేల్చుకోవాల్సింది ఆవిడ అక్కడ ఉద్యోగం చేయొచ్చా అన్నది. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్‌గా వెళ్తే చేయొచ్చు. జర్మనీలోనూ చేయొచ్చు, మీది బ్లూ కార్డ్ (ఎక్కువ జీతమున్న నిపుణులకిచ్చే వర్క్ పర్మిట్) అయితే ఆవిడకు జర్మన్ భాష పరీక్ష కూడా అక్కర్లేదు. అమెరికా హెచ్‌-4 (హెచ్-1బి వర్క్ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద నేరుగా కుదరదు. మీ గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (కంపెనీ మీ తరఫున పెట్టే దరఖాస్తు) ఆమోదం పొందాక ఆవిడ వర్క్ పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చు, 2015 నుంచి ఈ వెసులుబాటు ఉంది.

ఆవిడ వీసా ఫీజు, టికెట్ కంపెనీ భరిస్తుందా అన్నది ఆఫర్ లెటర్‌పై సంతకం పెట్టకముందే మెయిల్లో అడగండి.