మెకాంగ్ డెల్టాలో తేలే సంతను చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

వియత్నాంలోని హో చి మిన్ సిటీ నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చే ట్రిప్‌లో, నది మీద పడవల్లోనే సాగే ఈ సంత అసలు రూపం కనబడదు. ముందురోజే డెల్టాలోని కాన్ థో నగరం చేరుకుని రాత్రి అక్కడే ఉండండి. బస్సులో దాదాపు నాలుగు గంటలు. తెల్లవారుజామున 5 గంటలకల్లా నిన్ కియూ రేవులో చిన్న పడవ ఎక్కితే కై రాంగ్ సంతకు అరగంట. ఎండెక్కాక సందడి పలచబడిపోతుంది.

అక్కడ ముందుగా చూడాల్సింది గెడలనే. సరుకు పడవల ముందు నిలువుగా వెదురు గెడ, దానికి ఆ పడవలో అమ్మే అనాసపండో గుమ్మడికాయో వేలాడుతుంటాయి. ఇంజిన్ల మోతలో కేకలు వినబడవు కదా, దూరం నుంచే తెలియాలని ఈ ఏర్పాటు. గెడకు కొబ్బరాకు కడితే పడవనే అమ్ముతున్నారని అర్థం! పడవలో ఆరేసిన బట్టలు మాత్రం అమ్మకానికి కావు, ఆ కుటుంబం కాపురం అక్కడే.

రోడ్లు, వంతెనలు వచ్చాక సరుకు లారీలకు మళ్లి పడవలు బాగా తగ్గిపోయాయి. అందుకే ఫొటోలతో సరిపెట్టకండి. పక్కకు వచ్చిన పడవలో వేడి నూడుల్స్ తినండి, ఒక అనాసపండు కొనండి. పండు మీది కళ్లన్నీ పోయేలా మెలికలుగా చెక్కి, కాడ పట్టుకుని తినేలా చేతికిస్తారు.