‘గైకొనడం’ అంటే తీసుకోవడమా, చేయడమా?

సందేహం: మా చర్చి యూత్ మీటింగ్‌లో చదవడానికి వాక్యానుసారమైన జీవితం, అంటే బైబిలు చెప్పినట్టు నడుచుకోవడం గురించి చిన్న వ్యాసం రాశాను. “ఆజ్ఞలు పాటించాలి” అని రాస్తే, సంఘపెద్ద ఒకరు “గైకొనాలి” అని దిద్దారు. గైకొనడం అంటే తీసుకోవడమే కదా? ఆజ్ఞను తీసుకుని ఊరుకుంటే సరిపోతుందా? ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

సమాధానం: రెండు మాటలూ తప్పు కాదమ్మా. ‘గైకొను’ అసలు రూపం ‘కైకొను’. కై అంటే చేయి. కైమోడ్పు, కైదండ అన్న మాటల్లో ఉన్నదీ ఆ కై. ముందు మాటతో కలిసేటప్పుడు ‘క’ కాస్తా ‘గ’ అయి, ‘గైకొను’ అనే రూపం స్థిరపడింది. చేత పట్టుకోవడం, స్వీకరించడం దీని మొదటి అర్థం. ఆఫీసు కాగితాల్లో “తగు చర్యలు గైకొనవలెను” అన్నప్పుడు ఆ అర్థమే. ఆజ్ఞ, మాట, ఉపదేశం లాంటి వాటి పక్కన చేరితే మాత్రం పాటించడం అనే అర్థం వస్తుంది. బైబిల్లో యోహాను 14:15లో “నా ఆజ్ఞలను గైకొందురు” అన్నచోట గ్రీకు మూలంలోని క్రియకు కాపాడుకోవడం, భద్రంగా ఉంచుకోవడం అని అర్థం. పట్టుకుని విడవకపోవడం అన్న ఆ భావానికి ‘గైకొను’ చాలా దగ్గర. అనువాదకుల ఎంపిక నాకెంతో ఇష్టం.

అయితే మీ ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న ఉంది: అందుకోవడానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరం. దీనికి మన ఇళ్లలోనే ఒక చక్కని మాట ఉంది. “చెప్పిన మాట వినవా?” అని తల్లి అడిగితే బిడ్డ చెవుల సంగతి కాదు కదా! ‘మాట విను’ అంటే చెప్పినట్టు చేయి అని. పాత నిబంధన మూలభాష హీబ్రూలోనూ అంతే, ‘షమా’ అనే ఒక్క క్రియకే వినడం, లోబడడం రెండర్థాలూ ఉన్నాయి.

ఇక్కడ ఏకవచనం, బహువచనం తేడా గమనించండి. “వాడు నా మాట వినలేదు” అంటే లోబడలేదని. “వాడు నా మాటలు వినలేదు” అంటే ఎక్కువగా చెవిన పడలేదనే అర్థం వస్తుంది. 1 సమూయేలు 15:22లో బలులకంటె “ఆజ్ఞను గైకొనుటయు... మాట వినుటయు శ్రేష్ఠము” అన్నారు. ‘మాట వినుట’లోనే లోబడడం ఉంది కాబట్టి వేరే ‘చేయు’ అక్కర్లేకపోయింది. మత్తయి 7:24లో బండమీద ఇల్లు కట్టినవాడి ఉపమానంలో “ఈ నా మాటలు విని వీటిచొప్పున చేయు” అని ఉంది. ఇక్కడ వినడం అంటే చెవిన పడడమే, చేయడాన్ని విడిగా చెప్పారు. “వాక్యం విన్నాను” కూడా ఇలాంటిదే. ప్రసంగం విన్నానని మాత్రమే అర్థం. అందుకే యాకోబు 1:22లో “వినువారు మాత్రమై” ఉండవద్దనీ, దాని ప్రకారం ప్రవర్తించాలనీ విడమరిచి చెప్పారు.

‘విధేయత’ కూడా మంచి మాటే కానీ, ఉత్తరం చివర “ఇట్లు తమ విధేయుడు” అని రాసి రాసి కొంత మర్యాదమాట అయిపోయింది. మీ వ్యాసంలో వచనం ఎత్తి రాసేచోట ‘గైకొను’ అలాగే ఉంచండి. మీ సొంత వాక్యంలో ‘పాటించాలి’ రాయండి. చిన్నపిల్లలు కూడా వింటారనుకుంటే, “ప్రభువు మాట వినాలి” అని రాయండి. మాట అనే రాయండి, మాటలు అని కాదు.