ఇటుకకూ సైడింగ్‌కూ మధ్య నీరు దిగుతోంది: ఏ డబ్బుతో బాగుచేయించాలి?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2012లో కట్టిన ఇల్లు. కింద ఇటుక, పైన సైడింగ్ (గోడ బయట వరుసలుగా బిగించే పలకలు). రెండూ కలిసే చోట వాన నీరు దిగి హాలు గోడ ఉబ్బింది. ఒకరు 600 డాలర్లకు సందులో సీలెంట్ (సందు పూడ్చే జిగురు) పూస్తామన్నారు. ఇంకొకరు సైడింగ్ అడుగు వరుస విప్పి ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్లించే రేకు) వేయడానికి 5,800 అడుగుతున్నారు. అత్యవసర నిధి 14,000 ఉంది. హైదరాబాద్‌లో ప్లాటు కోసం వచ్చే నెల నుంచి నెలకు 800 దాచాలనుకుంటున్నాం. 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి తీయాలా? ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేయాలా?

జవాబు: 5,800 డాలర్ల పనే చేయించండి. డబ్బు అత్యవసర నిధి నుంచే తీయండి. ఆ నిధి దాచుకున్నది ఇలాంటి రోజు కోసమే.

600 డాలర్ల పని చవకగా కనిపిస్తుంది కానీ, అది మీ సమస్యను తీర్చదు. సైడింగ్ మీద జారిన నీరంతా ఇటుకల పై వరుస మీద పడుతుంది. అక్కడ ఫ్లాషింగ్ అనే మడత రేకు ఉండాలి. దాని పై అంచు గోడకు చుట్టిన హౌస్ ర్యాప్ (నీరు లోపలికి పోకుండా ఆపే పొర) వెనక్కి వెళ్లాలి, కింది అంచు ఇటుక మీదుగా బయటికి రావాలి. పెంకుటింట్లో పై పెంకు కింది పెంకు మీదకు వచ్చే పద్ధతే ఇది. రేకు లేని చోట సీలెంట్ ఒక్కటే కాపలా. ఇటుక వెనక ఉండే కలప చట్రం కుంచించుకుపోతుంది, ఇటుక ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వ్యాకోచిస్తుంది. ఆ లాగుడుకు సీలెంట్ అంచు ఊడుతుంది. పైగా సైడింగ్ అడుగున ఉండాల్సిన సన్నని సందును పూడ్చేస్తే, అప్పటికే లోపలికి చేరిన నీటికి బయటికి దారి ఉండదు. చెక్క పలకలు కుళ్లాక వచ్చే బిల్లు మీరు ఈ రోజు భయపడుతున్న బిల్లు కన్నా చాలా పెద్దది.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు గృహ పాలసీలు హఠాత్తుగా జరిగిన నష్టానికి ఇస్తాయి, నెలల తరబడి ఊరిన నీటికీ కుళ్లుకూ ఇవ్వవు. గాలివానకు సైడింగ్ ఊడి ఉంటే సంగతి వేరు. అప్పుడైనా టెక్సస్‌లో గాలి, వడగళ్ల డిడక్టిబుల్ (నష్టంలో ముందు మనమే భరించాల్సిన వాటా) చాలా పాలసీల్లో ఇంటి కవరేజీలో 1 లేదా 2 శాతం. కవరేజీ 4 లక్షల డాలర్లయితే 2 శాతమంటే 8,000. చేతికి ఏమీ రాదు, క్లెయిమ్ మాత్రం ఏడేళ్ల వరకు రికార్డులో ఉండిపోవచ్చు.

401కె వద్దే వద్దు. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకుండా ఇలాంటి ఖర్చుకు తీస్తే ఆదాయపు పన్నుకు తోడు 10 శాతం అదనపు పన్ను పడుతుంది. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే 5,800 చేతికి రావడానికి సుమారు 8,530 తీయాలి. 401కె మీద అప్పు కాస్త మెరుగే కానీ, ఉద్యోగం పోతే మిగిలిన బాకీ త్వరగా కట్టాల్సి వస్తుంది. వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోయిన నెలలోనే ఆ బరువు కూడా పడటం నాకు ఇష్టం లేదు.

కుళ్లిన పలకల కోసం మరో 1,500 పక్కన పెట్టుకోండి. అదీ ఖర్చయితే నిధిలో 6,700 మిగులుతుంది. ప్లాటు పొదుపును వాయిదా వేసి ఆ 800ను ఇటు మళ్లిస్తే పది నెలల్లో నిధి మళ్లీ నిండుతుంది. కంపెనీ మ్యాచింగ్ (మీ వాటాకు తోడు కంపెనీ వేసే సొమ్ము) పూర్తిగా వచ్చేంత వరకు 401కె వాటా మాత్రం ఆపకండి.

టెక్సస్‌లో ఇలాంటి పనుల జనరల్ కాంట్రాక్టర్లకు రాష్ట్ర లైసెన్సు విధానం లేదు. కాబట్టి వారి లయబిలిటీ ఇన్సూరెన్స్ (వారి పని వల్ల జరిగే నష్టానికి బీమా) సర్టిఫికెట్ అడగండి. పలక మార్చాల్సి వస్తే ఒక్కోదానికి ఎంతో ఒప్పందంలో ముందే రాయించండి. ఇటుకల అడుగున నీరు బయటికి పోవడానికి ఉండే వీప్ రంధ్రాలను ఎవరూ పూడ్చకూడదని కూడా రాయించండి. రేకు వేశాక, సైడింగ్ మూయకముందు ఫొటోలు తీసుకోండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు నీటి నష్టం గురించి ఫారంలో చెప్పాల్సిందే, అప్పుడు ఆ ఫొటోలూ రసీదులూ పనికొస్తాయి. చివరి మూడో వంతు సొమ్ము మాత్రం, గొట్టంతో ఆ జాయింటు మీద అరగంట నీళ్లు పట్టి లోపలి గోడ పొడిగా ఉందని చూశాకే ఇవ్వండి.