గోడ బీరువాల కోసం మూడు లక్షల అప్పు అవసరమా?

ప్రశ్న: మాది కావలి. రెండు పడక గదుల సొంత ఇంట్లో మా అత్తగారితో కలిపి అయిదుగురం ఉంటున్నాం. మామగారు కాలం చేశారు. సామానుకు చోటు చాలడం లేదు. గోడ బీరువాలు, అరలున్న మంచం చేయించడానికి 3 లక్షల వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే తీసుకోవద్దని నా సలహా. 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు సుమారు 10,250 రూపాయలు కట్టాలి, వడ్డీ కిందే దాదాపు 69,000 రూపాయలు పోతాయి. ఇంట్లో ఏమేమి ఉన్నాయో చూసుకోకుండా వాటిని దాచడానికి ఇంత ఖర్చు పెట్టడం తొందరపాటు.

ముందు అటక మీది సామానంతా దించండి. పేర్లు చెక్కిన స్టీలు గిన్నెల్లో మీరు వాడనివి, పాడైపోయిన మిక్సీలు, అదనపు ఇత్తడి బిందెలు తూకానికి వేయవచ్చు. అయితే రెండు కొట్లలో ధర అడిగిన తర్వాతే ఇవ్వండి. అత్తగారి పుట్టింటి సామాను మాత్రం ఆవిడ తనంతట తాను ఇస్తానంటే తప్ప కదిలించకండి. నాలుగు వేల రూపాయల కోసం ఇంట్లో మనస్పర్థలు తెచ్చుకోవడం లాభసాటి బేరం కాదు. ఏడాదికని కొనిపెట్టుకున్న బియ్యం బస్తాల జోలికీ వెళ్లనక్కర లేదు.

నా దృష్టిలో అసలు విలువ బీరువా అడుగున ఉన్న కాగితాలది. మామగారి పాత పాసుపుస్తకాలు, డిపాజిట్ రసీదులు, ఎల్‌ఐసీ బాండ్లు విడిగా తీసిపెట్టండి. పదేళ్లుగా లావాదేవీలు లేని ఖాతాల్లోని సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి బదిలీ చేస్తాయి. అయినా వారసులు తగిన పత్రాలతో ఆ బ్యాంకులోనే దరఖాస్తు చేసి దానిని తిరిగి పొందవచ్చు. ఇలా ఎవరూ అడగకుండా మిగిలిన డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ప్రారంభించిన ఉద్గమ్ పోర్టల్‌లో ఆయన పేరు, పాన్ లేదా పుట్టిన తేదీ ఇచ్చి వెతకండి. పోస్టాఫీసు ఖాతాలు అందులో కనబడవు కనుక ఆ పుస్తకాలు పట్టుకుని పోస్టాఫీసుకే వెళ్లాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం కాబట్టి ఈ కాగితాలను పాలిథీన్ సంచిలో పెట్టి, చెమ్మ తగలని పై అరలో ఉంచండి. చూడకుండా ఏ కట్టనూ భోగిమంటలో వేయకండి.

ఇదంతా అయ్యాక కూడా చోటు చాలకపోతే, వాయిదాగా కట్టగలమనుకున్న ఆ 10,250 రూపాయలనే ఆరు నెలలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. వడ్డీ కాకుండా మీరు కట్టిన సొమ్మే 61,500 రూపాయలు అవుతుంది. ఆ డబ్బుకు సరిపడేలా పిల్లల గదికి ఒక్క గోడ బీరువా చేయించి, మంచం సంగతి వచ్చే ఏడు చూడండి.