సెయింట్ ప్యాట్రిక్స్ డేకి ఎనిమిదిమందికి ఒకే బల్ల: ఏం వండాలి, దేన్ని వేరుగా ఉంచాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. డబ్లిన్‌లో మాస్టర్స్ చేస్తున్నారు. స్నేహితులు ఎనిమిదిమంది: ఇద్దరు ఐరిష్, ఒకరు బంగ్లాదేశ్ ముస్లిం, ఒకరు బ్రెజిల్, ఒకరు జర్మనీ, ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో ఇద్దరు శాకాహారులు. ఐర్లండ్ జాతీయ పండగ, సెలవురోజు అయిన సెయింట్ ప్యాట్రిక్స్ డేకి, అంటే 2026 మార్చి 17న, పరేడ్ చూసొచ్చి ఇంట్లోనే కలిసి వండుకుని తినాలని ఉంది. బీఫ్ వద్దు. ఏం వండాలి, ఎలా కుదుర్చుకోవాలి?

మొదట టైము సంగతి తేల్చుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది. ఆ మంగళవారానికి రంజాన్ ఇంకా ముగియదు. డబ్లిన్‌లో ఆ రోజు సూర్యాస్తమయం దాదాపు సాయంత్రం 6:35కి. కాబట్టి భోజనం సరిగ్గా అప్పుడే పెట్టుకోండి. మీ బంగ్లాదేశ్ స్నేహితుడికి ఖర్జూరాలు, మంచినీళ్ళు బల్లమీద ముందే ఉంచి, అతను ఉపవాసం విప్పగానే అందరూ మొదలుపెడితే పండగ అందరిదీ అవుతుంది. నిమిషాలతో సహా టైము అతని మసీదు పట్టికలో ఉంటుంది, అతన్నే అడగండి. మధ్యాహ్నం మూడింటికే తినేసి "నీ వాటా తీసిపెట్టాం" అనడం మాత్రం చేయకండి.

రెండోది, ఐరిష్ స్నేహితులకి ఇప్పుడే చెప్పండి. సెలవు వస్తే వాళ్ళలో చాలామంది బస్సెక్కి సొంతూరు పోతారు. ఆ రోజు ఊళ్ళో ఉండటం లేదని వాళ్ళు అంటే విందు 16 రాత్రికి మార్చుకోండి. మర్నాడు సెలవే కాబట్టి ఎవరికీ తొందర ఉండదు.

ఇక వంట. ఒక మాంసం వంటకాన్ని మధ్యలో పెట్టి, తినని వాళ్ళకి పక్కన ఏదో ఒకటి చేసిపెట్టే పద్ధతి నాకు నచ్చదు. అందరూ తినగలిగేవి మధ్యలో పెట్టి, మాంసాన్ని పక్కన ఉంచండి. ఐరిష్ వంట దీనికి చక్కగా ఒదుగుతుంది. బంగాళాదుంప, క్యాబేజీ, వెన్న, సోడా రొట్టె, ఇవన్నీ శాకాహారమే, రొట్టెలో గుడ్డు కూడా ఉండదు. కార్న్డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన గొడ్డుమాంసం) లేకపోతే పండగ కాదేమో అని బెంగ పెట్టుకోకండి. అది అమెరికా వెళ్ళిన ఐరిష్ వాళ్ళ అలవాటు. ఇక్కడి ఇళ్ళలో బేకన్ (ఉప్పు పట్టించిన పందిమాంసం), క్యాబేజీ ఎక్కువ. మీ గుంపుకి బేకన్ కూడా వద్దనే అంటాను. దాని బదులు గొర్రెమాంసంతో ఐరిష్ స్ట్యూ చేయండి. మాంసం హలాల్ దుకాణంలో కొంటే మాంసాహారులంతా ఒకే గిన్నెలోంచి తినొచ్చు. మూర్ స్ట్రీట్ వైపు హలాల్ కొట్లు, ఆసియా సరుకుల కొట్లు పక్కపక్కనే ఉంటాయి.

ఐరిష్ వాళ్ళెవరైనా బేకన్ తెస్తామంటే ఒక్కటి గుర్తుంచుకోండి. సంప్రదాయంగా బేకన్ ఉడికిన నీళ్ళలోనే క్యాబేజీ ఉడికిస్తారు. బల్లమీదకొచ్చేసరికి అది వెన్న రాసిన మామూలు ఆకుకూరలా కనిపిస్తుంది, మనవాళ్ళు నిశ్చింతగా వడ్డించుకుంటారు. కాబట్టి క్యాబేజీ మీ గిన్నెలో, మీ నీళ్ళతో, మీరే వండండి. అలాగే వూస్టర్ సాస్‌లో చేపలుంటాయి, జెల్లీ మిఠాయిల్లో జంతువుల ఎముకలు, చర్మంనుంచి తీసే జెలటిన్ ఉంటుంది. డెజర్ట్ తెచ్చేవాళ్ళకి ఈ ముక్క ముందే చెప్పండి.

బల్ల మధ్యలో ఉండాల్సింది కోల్కానన్, అంటే మెదిపిన బంగాళాదుంపల్లో ఆకుకూర, వెన్న కలిపే ఐరిష్ వంటకం. నిజానికి దీన్ని హాలోవీన్‌కి ఎక్కువ చేస్తారు, అయినా ఈ రోజు చేస్తే ఎవరూ కాదనరు. ఎనిమిదిమందికి రెండు కిలోల బంగాళాదుంపలు, అరకిలో కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) గానీ సవాయ్ క్యాబేజీ గానీ, ఒక కట్ట ఉల్లికాడలు, 250 మి.లీ. పాలు, 150 గ్రాముల వెన్న తీసుకోండి. దుంపలు రూస్టర్ రకం కొనండి. ఎర్రతొక్కతో ఉంటాయి, ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి, ఉడికితే పొడిపొడిగా విచ్చుకుంటాయి. సలాడ్‌కి వాడే జిగురు దుంపలు దీనికి పనికిరావు. ముక్కలు పెద్దగా కోసి, ఉప్పేసిన చన్నీళ్ళలో వేసి పొయ్యి వెలిగించండి. మరిగే నీళ్ళలో వేస్తే పైన చితికి లోపల పచ్చిగా ఉంటాయి. ఇరవై నిమిషాల్లో ఉడుకుతాయి. నీళ్ళు వార్చాక అదే గిన్నెలో సన్నసెగ మీద రెండు నిమిషాలు ఆవిరి పోనివ్వండి. ఈ రెండు నిమిషాలు వదిలేస్తే ముద్ద నీళ్ళోడుతుంది.

ఈలోగా ఉల్లికాడలు తరిగి పాలల్లో వేసి వేడిచేయండి. కేల్ ఈనెలు తీసేసి, ఆకుని నాలుగు నిమిషాలు ఉడికించి, నీళ్ళు గట్టిగా పిండి సన్నగా తరగండి. దుంపల్ని పప్పుగుత్తితో మెదపండి. మిక్సీలో గానీ బ్లెండర్‌తో గానీ తిప్పితే పిండిపదార్థం బయటికొచ్చి జిగురులా సాగుతుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు. వేడిపాలు, సగం వెన్న, కేల్ కలిపి, ఉప్పు, మిరియాలపొడి చూసుకోండి. పళ్ళెంలో గుట్టగా పోసి మధ్యలో గుంట చేసి మిగతా వెన్న అందులో వేయండి. తినేవాళ్ళు అంచునుంచి చెంచాతో తీసి ఆ కరిగిన వెన్నలో అద్దుకుంటారు.

రొట్టె దగ్గరే మనవాళ్ళకి ఎక్కువ తేడాలొస్తాయి, కారణం చేతివాటం. మనం పిండి చూడగానే చపాతీకిలా పిసుకుతాం. సోడా రొట్టెని పిసికితే రాయవుతుంది. 450 గ్రాముల మైదా (ఇక్కడి కొట్లలో క్రీమ్ ఫ్లోర్ అంటారు), ఒక చెంచా వంటసోడా, ఒక చెంచా ఉప్పు, 350 నుంచి 400 మి.లీ. మజ్జిగ, ఇంతే. చెంచా అంటే టీస్పూన్, తలకొట్టి కొలవాలి. వంటసోడా ఇక్కడ బ్రెడ్ సోడా పేరుతో ఉంటుంది, దాని పక్కనే ఉండే బేకింగ్ పౌడర్ వేరు. పిండిలో స్ట్రాంగ్ ఫ్లోర్ వద్దు, దాని సాగుడు ఈస్ట్ రొట్టెలకి కావాలి. సెల్ఫ్ రైజింగ్ కూడా వద్దు, అందులో పొంగించే పొడి ముందే కలిపి ఉంటుంది.

రొట్టె పొంగేది సోడా, మజ్జిగ పులుపు కలిసినప్పుడు పుట్టే గ్యాస్ వల్ల. అది తడి తగిలిన క్షణంనుంచే మొదలవుతుంది. అందుకే ఓవెన్ ముందే 230 డిగ్రీలకి వేడెక్కి ఉండాలి, ఫ్యాన్ ఓవెన్ అయితే 210. సోడాని పిండితోపాటు జల్లించండి. ఉండ మిగిలితే రొట్టెలో పసుపుపచ్చ మచ్చ పడుతుంది, అక్కడ కొరికితే సబ్బు రుచి. మజ్జిగ ముప్పాతిక వంతు ఒకేసారి పోసి, వేళ్ళు చాచి గిన్నె చుట్టూ తిప్పండి, అవసరమైతే మిగతాది పోయండి. ముద్ద మెత్తగా, కొంచెం చేతికి అంటుకునేలా ఉండాలి. పిండి చల్లిన బల్లమీద దొర్లించి, నాలుగు సెంటీమీటర్ల మందాన గుండ్రంగా ఒత్తి, పైన కత్తితో లోతుగా కూడికగుర్తులా గాటు పెట్టండి. ఆ గాట్లవల్లే మధ్యభాగం ఉడుకుతుంది. పదిహేను నిమిషాలయ్యాక 200కి తగ్గించి (ఫ్యాన్ అయితే 180) ఇంకో ఇరవై అయిదు నిమిషాలు. అడుగున వేలితో తడితే డొల్ల చప్పుడు రావాలి. రాకపోతే బోర్లించి ఇంకో అయిదు నిమిషాలు ఉంచండి.

బటర్‌మిల్క్ అని సీసాల్లో అమ్మేది మన మజ్జిగకన్నా చిక్కగా ఉంటుంది. అది దొరక్కపోతే పావులీటరు పెరుగులో 150 మి.లీ. నీళ్ళు కలిపి గిలక్కొట్టండి. పెరుగు పుల్లగా ఉండటం ముఖ్యం. ఉత్త పాలు పోస్తే సోడాకి జత దొరక్క రొట్టె అణిగిపోతుంది. ఎనిమిదిమందికి రెండు రొట్టెలు చేయండి, రెండో ముద్ద మొదటిది ఓవెన్‌లోకి వెళ్ళేటప్పుడే కలపొద్దు.

స్ట్యూ 16 రాత్రే సగం చేసుకుంటే మేలు. ఎముకతో ఉన్న గొర్రె భుజం గానీ మెడ గానీ 1.2 కిలోలు, పెద్ద ఉల్లిపాయలు మూడు, థైమ్ రెండు రెమ్మలు, ఉప్పు, మిరియాలు, లీటరు నీళ్ళు. కుక్కర్లో నాలుగు విజిల్స్ చాలు. ఇక్కడి లేతమాంసాన్ని మన ఊరి మటన్‌లా ఏడెనిమిది విజిల్స్ పెడితే పీచులుగా విడిపోతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దుటికి కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది, చెంచాతో తీసేయొచ్చు. 17 సాయంత్రం కిలో దుంపలు, నాలుగు క్యారెట్లు పెద్ద ముక్కలుగా వేసి మూతపెట్టి అరగంట ఉడికించండి. కొన్ని దుంపముక్కల్ని గరిటెతో చితిపితే పులుసు చిక్కబడుతుంది. చివర పార్స్‌లీ. అల్లంవెల్లుల్లి, గరంమసాలా వేయాలని చేయి లాగుతుంది, వేయకండి, ఆ రోజు మాంసం, ఉల్లి రుచే ఉండనివ్వండి. గిన్నెస్ (ఐరిష్ నల్లబీరు) కూడా పోయకండి. మరిగినా మద్యం పూర్తిగా ఆవిరైపోదు, మీ స్నేహితుడు తినలేడు.

శాకాహారులిద్దరికీ అదే పద్ధతిలో వేరే గిన్నెలో 80 గ్రాముల బార్లీ, 250 గ్రాముల పుట్టగొడుగులు, క్యారెట్, ఉల్లి, థైమ్. బార్లీ అరగంట నానబెడితే నలభై నిమిషాల్లో ఉడుకుతుంది. గరిటెలు కలిసిపోకుండా ఒకదానికి చెక్కది, ఇంకోదానికి స్టీలుది పెట్టుకోండి.

మన తరఫున ఒక్కటే చేయండి, పులిహోర. వేడి చేయక్కర్లేదు, పొయ్యి అడ్డుకోదు, పులుసు ముందురోజే ఉడికించుకోవచ్చు. వేరుశనగపప్పు పడనివాళ్ళు ఉన్నారేమో ముందే అడగండి. సగం క్యాబేజీని ఆవాలు, ఎండుమిర్చి, శనగపప్పు తాలింపుతో వేపుడు చేసి, వెన్నతో ఉడికించిన సగం పక్కన పెడితే ఐరిష్ వాళ్ళు రెండూ వడ్డించుకోవడం చూస్తారు.

తాలింపు అన్నాను కాబట్టి: మీరుండేది విద్యార్థుల హాస్టల్ అయితే, వంటగదిలో ఎండుమిర్చి మాడితే స్మోక్ అలారం మోగి బిల్డింగంతా రోడ్డుమీదకి వస్తుంది. ఎగ్జాస్ట్ ముందే వేయండి, కిటికీ తెరవండి, కారిడార్ తలుపు మూసే ఉంచండి. డిటెక్టర్‌కి కవరు కట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, ఎవరి దగ్గర స్టీలుది ఉందో కనుక్కోండి. బయటి అతిథులకి హాస్టల్లో పరిమితి ఉంటుంది, రిసెప్షన్‌లో పేర్లు ముందే ఇవ్వండి.

సరుకులు 15నే కొనేయండి. పండగరోజు సూపర్‌మార్కెట్లు తెరిచినా చిన్న కొట్లు మూసి ఉండొచ్చు. ఆ రోజు కొట్లలో మద్యం మధ్యాహ్నం 12:30 నుంచి రాత్రి 10 దాకానే అమ్ముతారు, కావాల్సినవాళ్ళు ముందురోజే తెచ్చుకుంటే సరి. తాగనివాళ్ళకి చిక్కటి టీ ఉంటే చాలు. ఐరిష్ వాళ్ళకి టీ ఇస్తే మొదటిసారి వద్దంటారు, మన మొహమాటమే. రెండోసారి అడగండి. డబ్బులు రెవల్యూట్ యాప్‌లో ఆ రాత్రే పంచుకోండి. మాంసం ఖర్చు తిన్నవాళ్ళమీదే వేసి, మిగతాది ఎనిమిదికి భాగించండి.

పరేడ్ మధ్యాహ్నం 12కి పార్నెల్ స్క్వేర్ దగ్గర మొదలై, ఓకానెల్ స్ట్రీట్ మీదుగా నది దాటి డేమ్ స్ట్రీట్ వైపు సాగుతుంది. ముందువరుస కావాలంటే పదింటికల్లా నిలబడాలి. మార్చిలో అక్కడ రెండు మూడు గంటలు కదలకుండా నిలబడితే చలి ఎముకల్లోకి దిగుతుంది, స్వెటర్ మీద వానకోటు తప్పనిసరి. ఉపవాసం ఉన్న స్నేహితుడిని అంతసేపు నిలబెట్టకండి. ఊరి మధ్య రోడ్లు మూసేస్తారు, బస్సులు దారి మళ్ళుతాయి, కాబట్టి నడిచే దూరం లెక్కేసుకుని మూడున్నరకల్లా ఇంట్లో ఉండండి. నాలుగింటికి బార్లీ నానబెట్టి, నాలుగున్నరకి మొదటి రొట్టె ఓవెన్‌లో పెట్టి, అయిదుంపావుకి రెండోది, అయిదున్నరకి దుంపలు, అయిదూ ముప్పావుకి స్ట్యూ పొయ్యెక్కిస్తే 6:35కి అన్నీ వేడిగా బల్లమీద ఉంటాయి.

మిగిలిన పులిహోరని, స్ట్యూని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. కోల్కానన్ మిగిలితే పొద్దున బిళ్ళలుగా చేసి వెన్నలో ఎర్రగా కాల్చండి. సోడా రొట్టె మర్నాటికే గట్టిపడుతుంది, ముక్కలు కోసి టోస్ట్ చేస్తే మళ్ళీ బాగుంటుంది. ఎలాగూ 19 గురువారం ఉగాది, 15న సరుకులకి వెళ్ళినప్పుడే బెల్లం, మామిడికాయ, ఎండు వేపపువ్వు కూడా చూసుకోండి.